‘జగాట్’ – పిల్లవాణ్ణి చెరిచిన దెవరు?

షాంజే కుమార్ పెరుమాళ్ దర్శకత్వంలో 2015లో మలేసియాలో విడుదలైన తమిళ చిత్రం ‘జగాట్’. 2016లో అక్కడి చలనచిత్రోత్సవంలో ఉత్తమ మలేసియా చిత్రంగా బహుమతి పొందింది. చెడు అని అర్థమిచ్చే ‘జహాత్’ అనే మలాయి మాట తోటల వాళ్ల నోళ్లలో నలిగి ‘జగాట్’ అయింది. భాష తమిళమే అయినా కథ మనది కూడా. మన తాతలు పేరాక్ తోటల్లో తమిళులతో కలిసి చెమటోడ్చినవారే కదా!

కథాకాలం 1990ల తొలినాళ్లు. తోట బ్రతుకు చెదిరి పట్నపు అంచున గుడిసెల్లోకి చేరిన కుటుంబం. పన్నెండేళ్ల అప్పోయ్ అల్లరివాడు, ఊహలున్నవాడు. తండ్రి మణియం వాణ్ణి ఎలాగైనా చదివించాలనుకుంటాడు. బాబాయిల్లో బాలా ఒకప్పుడు మత్తుమందుకు బానిసైనవాడు. దొరై ముఠా మనిషి. ఇంటా బడిలోనా ఒత్తిడి పెరిగేకొద్దీ పిల్లవాడు ముఠావైపు జరుగుతాడు. దర్శకుని గొప్పతనమంతా ఇక్కడే ఉంది. ఒక్క పెద్ద సంఘటనతో పిల్లవాడు చెడిపోయినట్లు చూపలేదు. అంగుళం అంగుళంగా చూపాడు. తండ్రిని దుర్మార్గునిగానూ చిత్రించలేదు. అతని భయమే దెబ్బగా మారుతుంది.

నాకు నచ్చనిదీ ఒకటుంది. ఒకటి రెండు చోట్ల దాదాల నడకను కెమెరా ముచ్చటగా చూసినట్లనిపించింది. కుర్రకారు ఆ నడకనే ఇంటికి తీసుకుపోతారేమో!

“అది తోటల నాటి కథ, మనం ఫ్లాట్లలో ఉన్నాం” అనుకునేవారికి ఒక మాట. పేరాక్ రాష్ట్రం నుంచే వచ్చిన నాగేంద్రన్ ధర్మలింగం 2009లో వుడ్‌లాండ్స్ వద్ద 42.72 గ్రాముల హెరాయిన్‌తో పట్టుబడ్డాడు. అప్పటికి వయస్సు 20. పరీక్షలో తేలిన తెలివితేటల సూచిక 69. తెలిసే చేశాడని న్యాయస్థానం తేల్చింది. 2022 ఏప్రిల్ 27న ఉరితీశారు. ఇక్కడ 15 గ్రాములు దాటిన హెరాయిన్ రవాణాకు మరణశిక్ష ఉంది. పిన్నలచేత, బలహీనులచేత ఈ పని చేయించేవారిని శిక్షించే నిబంధనా ఉంది. కాని పొట్లం మోసేవాడు దొరికినంత సులువుగా మోయించేవాడు దొరకడు. చట్టం సరిహద్దు దగ్గర నిలబడుతుంది. ముఠా అంతకు చాలా ముందే, ఇంటి మెట్ల దగ్గర నిలబడుతుంది.

నేను ఉపాధ్యాయిని. ఆదివారం తెలుగు తరగతిలో నేను నేర్చిన తొలి సామెతల్లో “మొక్కై వంగనిది మానై వంగునా” ఒకటి. దాన్ని చాలా కాలం బెత్తానికి సమర్థనగా వాడుకున్నాను. ఒకప్పుడు నా తరగతిలో ఒక కుర్రవాడు ఖరీదైన ఫోనుతో వచ్చాడు. బడిలో ఫోనేమిటని మందలించి తీసుకున్నానే గాని, “ఎవరు కొనిచ్చారు నాయనా?” అని అడగలేదు. కొన్ని నెలలకు వాడు బడి మానేశాడు. అప్పోయ్‌ని చూస్తున్నంతసేపూ ఆ అడగని ప్రశ్నే నన్ను పొడిచింది. వంచడమంటే విరవడం కాదని ఈ చిత్రం ఇంత ఆలస్యంగా నాకు నేర్పింది.

మన సంఘం వారు ఈ చిత్రాన్ని ఒక ఆదివారం పెద్దలకూ పిల్లలకూ కలిపి చూపించాలని నా విన్నపం. చూశాక ఉపన్యాసాలు వద్దు. ముందు పిల్లలను మాట్లాడనిద్దాం.