కళాకారుని ప్రతిభ – అభ్యాసం: జనగామ ఒగ్గుకథ, చిందు యక్షగానాల పరిశీలన

కీలక పదాలు: ప్రతిభ, అభ్యాసం, ఒగ్గుకథ, చిందు యక్షగానం, మౌఖిక సంప్రదాయం.

1. ఉపోద్ఘాతం

కళాకారుడు మొదట నైపుణ్యం సాధిస్తాడని, ఆ తరువాతనే సృజన మొదలవుతుందని సాధారణంగా భావిస్తారు. వారసత్వ కళల విషయంలో ఈ విభజన అన్యాయానికి దారితీసింది. కళాకారునికి నైపుణ్యాన్ని మాత్రమే ఆపాదించి, సృజననంతా సంప్రదాయానికి జమకట్టడం జరుగుతున్నది. 2016లో పూర్వపు వరంగల్ జిల్లా పునర్విభజనతో ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల ప్రాంతం మౌఖిక కళలకు నెలవు. వాటిలో జనగామకు చెందిన ఇద్దరు కళాకారుల ఆధారంగా ఈ భావనను పునఃపరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. ఆలంకారికుల దృష్టి

మమ్మటుడు ‘కావ్యప్రకాశం’లో శక్తి, నిపుణత, అభ్యాసం అనే మూడింటినీ పేర్కొని, ఇవి మూడు హేతువులు కావనీ, మూడూ కలిసి ఒకే హేతువనీ నిరూపించాడు. రాజశేఖరుడు ప్రతిభను కారయిత్రి, భావయిత్రి అని విభజించాడు. మొదటిది కవికి, రెండవది భావకునికి చెందినది. లిఖిత కావ్యంలో ఈ రెండింటి నడుమ కాలవ్యవధి ఉంటుంది. మౌఖిక ప్రదర్శనలో అవి ఒకే రాత్రి ఎదురెదురుగా నిలుస్తాయి.

3. ప్రదర్శనే పాఠశాల

లింగాల ఘనపురం మండలం మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య (1935–2017) ఒగ్గుకథకు విశేష ఖ్యాతి తెచ్చారు. ఒగ్గుకథలో ప్రధాన కథకుడు కథ చెబుతూనే పాత్రగా మారి, మరుక్షణం మళ్లీ కథకుడవుతాడు. వంతల పలుకు, డోలు దరువు, జనం స్పందనలను బట్టి ఒక ఘట్టం విస్తరిస్తుంది, మరొకటి సంక్షిప్తమవుతుంది. మల్లన్న పట్నాల వద్ద కథకు దొరికే తీరిక సభావేదికపై దొరకదు. రెండుచోట్లా కథ నిలవాలంటే కంఠస్థం ఒక్కటే చాలదు. కథకు ప్రాణమేదో, విస్తరణ ఏదో తెలియాలి. ఆ వివేకమే ఇక్కడ సృజన.

దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లెకు చెందిన గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు, ఐదు దశాబ్దాలలో 19,000కు పైగా ప్రదర్శనలిచ్చారని ప్రభుత్వం పేర్కొన్నది. అంటే సగటున రోజుకొక ప్రదర్శన. ఈ సంఖ్యను ఘనతగా మాత్రమే చదవడం అసంపూర్ణం. సాధనకూ ప్రదర్శనకూ ఎడం లేని జీవితాన్ని అది సూచిస్తుంది. యుగోస్లావియా గాథాగాయకులను పరిశీలించిన ఆల్బర్ట్ లార్డ్ (1960) వినడం, పాడి చూడడం, శ్రోతల ముందు పాడడం అనే మూడు దశలను గుర్తించాడు. చిందు మేళంలో పెరిగే పిల్లలకూ ఈ క్రమం వర్తిస్తుంది. అయితే లార్డ్ చూపిన గాయకుడు ఒంటరి. చిందు కళాకారుడు మేళంలో ఒకడు. తోటి వేషధారి ఒక మాట మార్చితే దానికి తగిన బదులు అప్పటికప్పుడు ఇవ్వవలసినవాడు.

4. ముగింపు

పురస్కారం వ్యక్తికి దక్కుతుంది. ఆ వ్యక్తిని తీర్చిదిద్దినవి మాత్రం పట్నాలు, జాంబపురాణం ఆడించే మాదిగవాడలు, రాత్రంతా కూర్చునే ప్రేక్షకులు. ఈ సందర్భాలు తగ్గితే తరువాతి తరానికి అభ్యాసస్థలమే ఉండదు. ఒక ప్రదర్శనను చిత్రీకరించి దానినే ప్రామాణిక పాఠంగా స్థిరపరచడం వల్ల ఆ లోటు తీరదు. పైగా కళాకారుని స్వేచ్ఛ కుంచించుకుపోయే ప్రమాదమున్నది. కావున పరిశోధకులు ఒకే కళాకారుడు చెప్పిన ఒకే కథను భిన్న సందర్భాలలో సేకరించి, పాఠభేదాలను విశ్లేషించాలి. దోషాలుగా పక్కనపెడుతున్న ఆ భేదాలే కళాకారుని ప్రతిభకు సాక్ష్యాలు.