సృష్టి ప్రశ్న, ఆత్మ ప్రశ్న

ఋగ్వేదం 10వ మండలంలో 129వ సూక్తం నాసదీయమనే పేరుతో ప్రసిద్ధి పొందినది. ఏడే ఋక్కులు గల చిన్న సూక్తమిది. భారతీయ తత్త్వశాస్త్ర చరిత్ర వ్రాసిన వారు దీనిని స్మరించక ముందుకు సాగరు. కాని రెండు మూడు ప్రశంసావాక్యాలు పలికి ఉపనిషత్తులకు వెళ్ళిపోవడమే పరిపాటి. ప్రశంస విమర్శ కాదు. ఈ కవిత ఏమి చెప్పుచున్నది, దానిని ఏ క్రమంలో చెప్పుచున్నది, తరువాతి వారు దానిని ఏమి చేసుకొన్నారు అన్న విషయాలను విచారించినప్పుడే దాని విలువ మనకు తెలియగలదు. ఆ విచారణతోపాటు మరొక సంగతి కూడా తేలగలదు: మన దేశంలో సృష్టిని గురించిన ప్రశ్న ఎంతో కాలం సృష్టిని గురించిన ప్రశ్నగా నిలువలేదు, అడుగుచున్నవాడెవడు అన్న ప్రశ్నగా మారిపోయినది.

సూక్తం నిషేధంతో ప్రారంభమగుచున్నది. ఆదిలో సత్తు లేదు, అసత్తు కూడ లేదు. అంతరిక్షం లేదు, దానికి ఆవలిది లేదు. మృత్యువు లేదు, అమృతత్వం లేదు, రేయింబవళ్ళను వేరుచేసే గురుతు లేదు. ఇన్ని లేమిల నడుమ గాలి లేకయే తన శక్తితో శ్వాసించిన ఒక్కటి మాత్రం ఉన్నది. దానికి కవి పేరు పెట్టలేదు. అది దేవుడని గాని దేవి అని గాని అనలేదు. నపుంసకలింగంలో ఒక్కటి అని మాత్రం అన్నాడు. చీకటిని కప్పిన చీకటి నుండి తపోమహిమచే ఆ ఒక్కటి పుట్టినదని మూడవ ఋక్కు చెప్పుచున్నది.

నాల్గవ ఋక్కులో సూక్తం మలుపు తిరుగుచున్నది. మనస్సునకు తొలి బీజమైన కామం మొదట కలిగినదనియు, కవులు తమ హృదయంలో వెదకి సత్తునకు అసత్తుతో గల బంధాన్ని కనుగొన్నారనియు అందు కలదు. అంతవరకు ఆకాశంవైపు చూచిన దృష్టి ఇచ్చట హృదయంవైపు మరలినది. సూక్తం సరిగా నడిమి ఋక్కులో ఇది జరుగుట గమనింపదగినది. జగత్తుయొక్క మూలాన్ని వెదకువాడు తన లోపల వెదకవలెనన్న భావనకు, ఉపనిషత్తులు పెంచి పెద్దచేసిన ఆ భావనకు, బీజం ఇచ్చటనే ఉన్నది.

అయితే కవి అచ్చటనే ఆగిపోలేదు. హృదయంలో కనుగొన్నామన్న మాట పలికిన కొలది సేపటికే, ఇది ఎచ్చటి నుండి వచ్చినదో ఎవరికి తెలియునని అడిగినాడు. దేవతలు సృష్టికి తరువాత పుట్టినవారు గనుక వారు సాక్షులు కాజాలరని ఆయన తర్కం. పరమాకాశం నుండి దీనిని కనిపెట్టి చూచువాడెవడు గలడో అతనికి తెలియునేమో, అతనికిని తెలియదేమో అని ముగించినాడు. తాను స్థాపించినదానిని తానే మరల పరీక్షకు పెట్టుట ఈ సూక్తపు నడక. సందేహం ఇచ్చట అలంకారం కాదు; నిర్మాణమే సందేహంపై ఆధారపడి ఉన్నది.

ఈ విశేషం తెలియవలెనన్న అదే మండలంలోని ఇతర సృష్టిసూక్తాలను ప్రక్కన పెట్టుకొని చదువవలెను. 90వ సూక్తమైన పురుషసూక్తంలో సృష్టి ఒక యజ్ఞం. పురుషుని అంగాలనుండి లోకాలు, వేదాలు, వర్ణాలు పుట్టినవి. 81వ సూక్తంలో విశ్వకర్మ ఒక శిల్పి. ద్యావాపృథివులను చెక్కిన ఆ కలప ఏ వనంలోనిది, ఏ వృక్షానిది అని కవి అడిగినాడు. 121వ సూక్తంలో హిరణ్యగర్భుడు జలాలలో తేలిన బంగారు అండం వంటివాడు. ఏ దేవునికి హవిస్సు సమర్పింతుమన్న ప్రశ్న అందు పల్లవివలె తిరిగి తిరిగి వచ్చును. యజమానుడు, వడ్రంగి, గర్భం అనే ఉపమానాలన్నియు మానవుడెరిగిన పనుల నుండి పుట్టినవి. నాసదీయకవి మాత్రం ఏ పనివాని ఉపమానంతోను తృప్తి పడలేదు.

ఈ ప్రశ్నలకు తరువాత పట్టిన గతి సాహిత్యచరిత్రలో ఆసక్తికరమైన ఘట్టం. హిరణ్యగర్భ సూక్తంలోని పదవ ఋక్కు ప్రజాపతి పేరు చెప్పి ప్రశ్నకు సమాధానమిచ్చినది. శాకల్యుని పదపాఠంలో ఆ ఋక్కునకు పదవిభాగం లేదు. అందుచేత అది తరువాత చేరినదని పండితులు భావించినారు. అంతటితో ఆగక, ఎవడు అని అర్థమిచ్చే 'క' అనే సర్వనామమే ప్రజాపతికి పేరుగా స్థిరపడినది. ప్రశ్నార్థకమే దేవతానామమైనది! విశ్వకర్మ సూక్తంలోని కలప ప్రశ్నకు తైత్తిరీయ బ్రాహ్మణం, వనమును వృక్షమును బ్రహ్మమేయని సమాధానమిచ్చినది. విజయనగర రాజుల ఆశ్రయంలో 14వ శతాబ్దంలో వేదభాష్యం రచించిన సాయణాచార్యుడు నాసదీయపు చివరి మాటను కూడ, ఈశ్వరునికే తెలియకున్న మరి ఎవ్వరికి తెలియగలదన్న దిశగా నడిపించినాడు. అనగా సందేహం స్తుతిగా మారినది.

దీనిని తప్పుగా ఎంచవలసిన పని లేదు. యజ్ఞం చేయువానికి హవిస్సు ఎవరికో తెలియవలెను. ఉపాసకునికి ఆలంబనం కావలెను. కాని విమర్శకుడు రెండింటిని వేరుచేసి చూపవలెను: కవి అడిగినది ఒకటి, సంప్రదాయం విన్నది మరొకటి. రెండును మనవే. ఒకదానితో రెండవదానిని కప్పిపుచ్చుటయే దోషం.

ఉపనిషత్తులలో సృష్టికథలు అనేకం. అవి పరస్పరం ఏకీభవించవు. తైత్తిరీయంలో ఒకచోట ఆదిలో అసత్తు ఉన్నదని కలదు. ఛాందోగ్యం ఆరవ అధ్యాయంలో ఉద్దాలకుడు, అసత్తునుండి సత్తు ఎట్లు పుట్టగలదని ఆ మతాన్నే ఖండించినాడు. తైత్తిరీయంలో ఆత్మనుండి మొదట ఆకాశం పుట్టినది; ఛాందోగ్యంలో సత్తునుండి మొదట తేజస్సు పుట్టినది. బ్రహ్మసూత్రాల మొదటి అధ్యాయం నాల్గవ పాదంలో ఈ విరోధం చర్చకు వచ్చినది. క్రమంలో భేదమున్నను కారణవస్తువు విషయమై శ్రుతులన్నియు ఏకవాక్యతతో ఉన్నవని అచ్చటి సమన్వయం. గౌడపాదుడు ఇంకను ముందుకు పోయి, మట్టి, లోహం, నిప్పురవ్వలు మొదలైన దృష్టాంతాలతో చెప్పిన సృష్టి అంతయు అభేదజ్ఞానానికి ఉపాయం మాత్రమే అన్నాడు.

శాస్త్రదృష్టితో ఇది బలమైన సమాధానం. కాని కథ నిచ్చెన మాత్రమే అయినచో, దాని మెట్లను ఇంత శ్రద్ధతో ఎందుకు చెక్కినారు? బృహదారణ్యకం మొదటి అధ్యాయంలోని నాల్గవ బ్రాహ్మణాన్ని చూడండి. ఆదిలో పురుషాకారంతో ఆత్మ ఒక్కటే ఉన్నది. చుట్టును చూచి, తనకంటె వేరొక దానిని కానక, మొట్టమొదట నేను అన్న మాట పలికినది. వెంటనే దానికి భయం కలిగినది. రెండవది లేనప్పుడు దేనికి భయపడవలెనని ఆలోచించుకొనగా భయం పోయినది. కాని సంతోషం కలుగలేదు. ఒంటరిగా ఉన్నవానికి సంతోషమెక్కడిది? అప్పుడది రెండవదానిని కోరి, రెండుగా చీలి, స్త్రీపురుషులైనది.

ఈ చిన్న కథలో ఎంత సూక్ష్మమైన మనస్తత్త్వ పరిశీలన ఉన్నదో చూడవలెను. రెండవది లేదన్న ఎరుక భయాన్ని పోగొట్టినది. రెండవది లేదన్న స్థితియే సంతోషాన్ని కూడ రానీయలేదు. ఒకే కారణం ఒకచోట మందుగాను, మరొకచోట వ్యాధిగాను పనిచేసినది. సృష్టి ఈ చిక్కులో నుండి పుట్టినది. అద్వైతి ఈ కథలోని మొదటి సగాన్ని ప్రమాణంగా గ్రహించును; భక్తుడు రెండవ సగాన్ని తన గుండెకు దగ్గరగా తీసుకొనును. కథకుడు రెండింటిని ఒకే శ్వాసలో చెప్పినాడు. నిచ్చెనగా మాత్రమే చూచినవానికి ఈ ఉద్వేగం కనిపించదు.

ఛాందోగ్యంలోని ఉద్దాలకుని బోధ వేరొక రీతిది. పన్నెండేండ్ల వయస్సున గురుకులానికి వెళ్ళి ఇరువదినాలుగేండ్లవాడై, చదువుకొంటినన్న గర్వంతో తిరిగి వచ్చిన శ్వేతకేతువు తండ్రి ఎదుట నిలిచినాడు. తండ్రి సృష్టిక్రమాన్ని వివరించి, మఱ్ఱిపండులోని విత్తును చీల్పించినాడు. నీటిలో ఉప్పు కరిగించి రుచి చూపించినాడు. ప్రతి పాఠం చివర, అది నీవే అన్న అర్థంగల వాక్యాన్ని, మొత్తం తొమ్మిది మార్లు, పలికినాడు. జగత్కథ అంతయు ఎదుట కూర్చున్న కుమారునివైపు మరలినది. సాంఖ్యులు దీనికి భిన్నంగా పురుషుని సృష్టికర్తగా గాక సాక్షిగా నిలిపినారు. ప్రకృతి తన్ను ప్రదర్శించుకొని నర్తకివలె విరమించునని ఈశ్వరకృష్ణుని ఉపమానం. మార్గం వేరైనను, అక్కడ కూడ సృష్టివిచారణకు గమ్యం చూచువాని స్వరూపమే.

ఉద్దాలకుని వాక్యాన్ని శంకరుడు ఐక్యపరంగాను, రామానుజుడు శరీరశరీరి భావంతోను వ్యాఖ్యానించినారు. మధ్వుడు సంధిని వేరుగా విడదీసి, ముందొక అకారాన్ని గ్రహించి, అది నీవు కాదను అర్థం సాధించినాడు. ఒక్క అక్షరంపై మూడు దర్శనాల విభేదం నిలిచినది. దీనిని మరొక భాషలోనికి తెచ్చువాడు సంధిలోని ఆ అవకాశాన్ని ఎట్లు నిలుపుకొనగలడు? అనువాదం చేయుటయే ఒక పక్షం వహించుటగా పరిణమించును.

ఇచ్చట మన దేశభాషలకు ప్రత్యేకమైన ప్రమాదమొకటి ఉన్నది. దారా షుకోవ్ 1657లో ఏబది ఉపనిషత్తులను పారసీకంలోనికి తెచ్చినాడు. ఆంకెటిల్ దుపెరాన్ 1801-02లో వాటిని లాటిన్‌లో ప్రకటించినాడు. వారు ప్రతి పదానికి తమ భాషలో మాట వెదకవలసి వచ్చినది. వెదకుటలో ఆలోచింపవలసి వచ్చినది. తెలుగువానికి ఆ శ్రమ లేదు. ఆత్మ, కామం, తపస్సు అన్న మాటలు యథాతథంగా మన భాషలో ఉన్నవి. అందుచేత అనువదించకయే అనువదించినట్లు భ్రమ కలుగును. తపస్సు అనగానే మనకు జటలు కట్టిన ముని కన్నులకు కట్టును. నాసదీయంలో ఆ మాట అడుగున వేడిమి అన్న అర్థమున్నది. కామమన్న మాట వాడుకలో సంకుచితమైనది. ఆ సూక్తంలో అది మనస్సునకు ముందటి తొలి కదలిక. ఆత్మ అన్న మాట మరణించినవారి శాంతిని కోరునప్పుడు ఒక అర్థంలోను, ఆత్మకథ అన్నప్పుడు మరొక అర్థంలోను వాడుచున్నాము. సంస్కృతంలో ఆ పదం 'తాను' అన్న సర్వనామపు పని కూడ చేయును. బృహదారణ్యక కథలో ఆత్మకు బదులు 'తాను' అని పెట్టి చదివినచో తెలుగు పాఠకునికి ఆ భయం, ఆ ఒంటరితనం ఎంతో సన్నిహితంగా తోచును. దర్శనగ్రంథానికి ఈ మార్పు చాలకపోవచ్చును. కథకు మాత్రం ప్రాణం పోయగలదు.

నాసదీయం నేడు పండితులకే పరిమితమైన రచన కాదు. జవహర్‌లాల్ నెహ్రూ 1946లో వెలువడిన తన భారతదర్శన గ్రంథంలో దానిని ఉదాహరించినాడు. ఆ గ్రంథం ఆధారంగా శ్యాం బెనెగళ్ 1988లో దూరదర్శన్‌కై నిర్మించిన ధారావాహిక ఈ సూక్తపు హిందీ అనువాదంతో ప్రారంభమైనది. లక్షలాది ప్రేక్షకులు ఈ ప్రశ్నను ఆ విధంగా విన్నారు. ఇది సంతోషించవలసిన విషయం. కాని ప్రసిద్ధితో బాటు ఒక వికారం కూడ వచ్చినది. నేటి భౌతికశాస్త్రం మహావిస్ఫోటనాన్ని గురించి చెప్పినదంతయు ఈ సూక్తంలో ముందే ఉన్నదని కొందరు వాదింతురు. శాస్త్రసిద్ధాంతం కొలతలతో, పరిశీలనతో నిలుచును, లేదా కూలిపోవును. సూక్తంలో కొలత లేదు, దానికి అవసరమును లేదు. అందు ఉన్నది తెలియదని ఒప్పుకొనగల ధైర్యం. తెలియదన్న వానిని అన్నియు తెలిసినవానిగా నిలబెట్టుట అతనికి చేయు గౌరవం కాదు. మన సందేహాన్ని గురించి మనం గర్వించుట కూడ సందేహాన్ని చంపు మార్గమే.

తెలుగు పాఠకునికి ఈ సందేహం క్రొత్తది కాదు. పోతన భాగవతం అష్టమ స్కంధంలో మకరికి చిక్కి, బలమంతయు ఉడిగిన గజేంద్రుడు, జగత్తు ఎవనియందు పుట్టి ఎవనియందు లయించునో అతనిని శరణు వేడినాడు. ఆ ప్రార్థన నడుమనే, ఉన్నాడని అందరు చెప్పు ఆ దేవుడు నిజముగా ఉన్నాడా లేడా అన్న శంక అతనిని పట్టుకొన్నది. ఆ పద్యాలు కంఠస్థం చేసిన తెలుగువారు తరతరాలుగా ఆ శంకను కూడ కంఠస్థం చేసినారు. ప్రార్థన నుండి దానిని ఎవ్వరును తొలగింపలేదు. నాసదీయకవి పరమాకాశంవైపు చూచి అడిగిన ప్రశ్ననే గజేంద్రుడు మడుగులో నిలిచి, బాధలో అడిగినాడు. ఒకరికి సమాధానం దొరికినది, ఇంకొకరికి దొరకలేదు. కాని ఇద్దరియందును ప్రశ్న నిజమైనది. ఆ నిజాన్ని కాపాడుచు చదువుటయే ఈ రచనలపట్ల మనం చూపవలసిన భక్తి.