చేతులెవరివి? పేరెవరిది?

ఈ టెలీఫిల్ము పేరుతోనే మాకు పేచీ ఉంది. 'సమ్‌థింగ్ ది లార్డ్ మేడ్' అంటే దేవుడు చేసినట్టుందని. వివియన్ థామస్ అనే నల్లజాతి టెక్నీషియన్ ల్యాబులో వేసిన కుట్టు చూసి, ఆయన పై అధికారి డాక్టర్ ఆల్ఫ్రెడ్ బ్లాలాక్ మెచ్చుకున్న మాట అది. కుట్టింది థామస్, ఘనత దేవుడికి! మెచ్చుకోలులో కూడా శ్రమని గుంజుకోవడం అంటే ఇదే.

అమెరికా వాళ్ల సినిమా మనకెందుకు అనే మిత్రులున్నారు. మహాత్మా ఫూలే 1873లోనే 'గులాంగిరీ'ని నల్లవాళ్ల బానిసత్వం పోవడానికి పాటుపడ్డ అమెరికా ప్రజలకి అంకితమిచ్చారు. మనది పాత చుట్టరికం.

హెచ్‌బీఓ 2004లో తీసిన ఈ చిత్రానికి దర్శకుడు జోసెఫ్ సార్జెంట్. థామస్ వడ్రంగి కొడుకు. డాక్టరు చదువు కోసం కూడబెట్టుకున్న డబ్బు ఆర్థిక మాంద్యంలో బ్యాంకుతో పాటు మునిగింది. 1930లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో బ్లాలాక్ దగ్గర చేరాడు. చేసేది పరిశోధన, జీతం రిజిస్టర్లో మాత్రం ఊడ్చే పనివాడు. 1941లో ఇద్దరూ జాన్స్ హాప్కిన్స్‌కి మారారు. గుండె లోపంతో పుట్టి ఒళ్లు నీలంగా మారే పిల్లలకి దారి చూపమని అడిగింది డాక్టర్ హెలెన్ టాసిగ్. ఆ లోపాన్ని కుక్కల్లో కల్పించి, సుమారు 200 కుక్కల మీద ఆపరేషన్‌ని సాధించింది థామస్.

1944 నవంబర్ 29. బల్ల మీద పసిపాప. కత్తి బ్లాలాక్ చేతిలో ఉంది, పని తెలిసినవాడు ఆయన వెనక స్టూలెక్కి నిలబడ్డాడు. బ్లాలాక్ ఆ ఆపరేషన్ అంతకు ముందు చేసింది ఒక్కసారే, అదీ కుక్క మీద, థామస్‌కి సహాయకుడిగా! థామస్ పాత్రలో మోస్ డెఫ్ గొంతు పెంచకుండానే గురువైపోతాడు. సినిమా మొత్తానికి ఈ స్టూలు సన్నివేశం చాలు. 1945లో అచ్చయిన వ్యాసం మీద పేర్లు రెండే: బ్లాలాక్, టాసిగ్.

ఆ స్టూలు మనకి కొత్తదా? సర్కారు ఆసుపత్రి శవపరీక్ష గదిలో కోసేదీ కుట్టేదీ చాలాచోట్ల మనవాళ్లే, సంతకం డాక్టరుది. ఊళ్లో కాన్పులు చేసిన మంత్రసానిది అనుభవమట, ఆసుపత్రిది విజ్ఞానమట. మేం చదివిన చోట కూడా స్లైడు కోయడం మాకు నేర్పింది గైడు కాదు, ల్యాబ్ అటెండరు. మా మొదటి తరం చదువులకి ఆయనే అసలు పంతులు. థీసిస్ మొదట్లో కృతజ్ఞతల పేజీ ఉంటుంది కదా, అందులో గైడుగారి సతీమణికి చోటు దొరికింది, ఆయనకి దొరకలేదు. ఆ పేజీ రాసింది మేమే!

సినిమా ఎక్కడ జారిందంటే, జీతం సంగతి చూపిస్తుంది గానీ దాన్ని చివరికి ఇద్దరి స్నేహం సంగతి చేసేస్తుంది. బ్లాలాక్ థామస్ పేరు ఎందుకు చెప్పలేదు, మనసులో ఏముంది అని మనల్ని కూర్చోబెడుతుంది. ఏముంటే ఏం? ఊడ్చే పనివాడి గ్రేడు పెట్టింది మనసు కాదు, సంస్థ. థామస్ అన్న హెరాల్డ్ నాష్‌విల్లేలో పంతులు. నల్ల టీచర్లకి తెల్ల టీచర్లతో సమానంగా జీతాలివ్వాలని విద్యాబోర్డు మీద దావా వేసి, తర్గుడ్ మార్షల్ అండతో 1942లో గెలిచాడు. ఒకే ఇంట్లో రెండు దారులు! అన్నది కదా అసలు డ్రామా? సినిమాకి మాత్రం అతను పక్క పాత్ర.

చివర్లో హాప్కిన్స్ గోడ మీద థామస్ చిత్రపటం చూసి మేమూ ఏడ్చాం, దాచుకోవడం దేనికి. అది పెట్టింది 1971లో, బ్లాలాక్ పోయిన ఏడేళ్లకి. 1976లో గౌరవ డాక్టరేట్ కూడా ఇచ్చారు. వైద్యంలో కాదు, న్యాయశాస్త్రంలో.

అయినా ఈ సినిమాని మన హాస్టళ్లలో వెయ్యాలి. వేసిన రోజు ల్యాబ్ అటెండర్లనీ, మార్చురీలో పనిచేసేవాళ్లనీ పిలవాలి. చర్చ వాళ్లతోనే మొదలుపెట్టాలి.