మరకో మర్మం, మంత్రానికో గడువు

భారతంలోని ఏకచక్రపురం బోధనేనని మా వైపు పెద్దలు చెప్తారు. భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడేనని నమ్మకం. ఆ రాక్షసుడికి రోజూ బండెడు అన్నం, రెండు దున్నపోతులు, బండి తోలుకొచ్చిన మనిషి ఆహారం. ఇంటికో వంతు, వంతు తప్పడానికి వీల్లేదు. ఆ కథ వింటూ పెరిగిన ఊళ్ల నడుమ 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. అప్పటికే మంజీర మీద నిజాంసాగర్ కట్టారు. 1923లో మొదలైన ఆ పని 1931కి పూర్తయింది. కాలువల్లో నీళ్లు పారాక కోటగిరి, వర్ని, రుద్రూరు, బోధన్ భూముల్లో చెరుకు లేచింది. సీజన్ వస్తే బండ్లన్నీ శక్కర్‌నగర్ దారి పట్టేవి. అక్కడ పగలూ రాత్రీ ఆగని క్రషింగ్, ఆకాశంలోకి పొగగొట్టం, ఊళ్ల మీదుగా వినిపించే ఆవిరి కూత. మిల్లుకు చెరుకు తోలడానికీ వరుస ఉండేది, పర్మిట్ ఉండేది. రాక్షసుడి వంతు విన్న చెవులకు మిల్లు వంతు కొత్త కాదు.

ఆవిరి యంత్రాలు, మాంత్రికులు, రహస్య కూటములు, ఎవరూ చూడని వింత పరికరాలు కలగలిసిన కల్పనా సాహిత్యం ఒకటి ఇంగ్లీషులో బాగా పెరిగింది. దాన్ని స్టీమ్‌పంక్ అంటారు. 1987లో అమెరికన్ రచయిత కె.డబ్ల్యూ. జీటర్ పెట్టిన పేరది. విక్టోరియా రాణి నాటి లండన్, గ్యాస్ దీపాల వీధులు, ఇత్తడి చక్రాలు, ఎగిరే ఓడలు, ప్రేతాత్మలతో మాట్లాడే సభలు దాని సరంజామా. మన పిల్లలు దీన్ని సినిమాల్లోనూ వీడియో గేముల్లోనూ చూసి, ఇదంతా ఎక్కడిదో అనుకుంటారు. ఇందులో సగం సరుకు తెలుగు కథల్లో ఏనాటి నుంచో ఉంది. మిగతా సగం బోధన్ మిల్లులో కళ్లెదుట తిరిగింది. ఈ కథల పనితనం తెలియాలంటే ముందు ఆ రెండింటినీ చూడాలి.

ఈ విద్యలో మొదటి సూత్రం, అద్భుతానికి ఒక హద్దు ఉండటం. పెద్దన మనుచరిత్రనే తీసుకుందాం. అరుణాస్పదపురంలో ఇల్లు కదలని ప్రవరుడికి సిద్ధుడు కాలికి పూసుకునే పసరు ఇస్తాడు. పూసుకోగానే ప్రవరుడు హిమాలయాల మీద ఉన్నాడు. కానీ మంచులో నడవగా నడవగా పసరు కరిగిపోయింది. ఇంటికి తిరిగొచ్చే దారి మూసుకుపోయింది. వరూధిని కనబడింది. పసరు కరగకపోతే మనుచరిత్ర కథ అక్కడే ఆగిపోయేది. మంచుకు కరిగే గుణం ఆ పసరులోనే ఉంది. అయితే ప్రవరుడు చూడాలని ఆశపడ్డ చోటంతా మంచే! పదహారో శతాబ్దంలో పెద్దన కట్టిన ఈ బిగింపు, ఇవాళ ఆవిరి ఓడల కథ రాసే ఎవరికైనా పాఠమే. ఓడ ఎగరడం సులువు. అది ఎక్కడ, ఎందువల్ల దిగిపోతుందో తేల్చడమే రచయిత పని.

పాతాళ భైరవి 1951లో వచ్చింది. కె.వి. రెడ్డి తీసిన ఆ సినిమాకు పింగళి నాగేంద్రరావు కథ అల్లారు. ఎస్.వి. రంగారావు వేసిన నేపాళ మాంత్రికుడి శక్తంతా గడ్డంలో ఉంటుంది. కోరింది ఇచ్చే పాతాళ భైరవి బొమ్మకు మంచీ చెడూ తెలియవు, ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాటే వింటుంది. ఈ రెండు నియమాల మీదే ద్వితీయార్ధం అంతా నడుస్తుంది. బొమ్మ చేయి మారగానే కథానాయకుడు తోట రాముడి మేడ మాయమవుతుంది. శిష్యుడు సదాజపుడి వేషంలో వెళ్లిన రాముడి మిత్రుడు అంజి, మాంత్రికుడు గడ్డం తీయించుకునేలా చేస్తేనే గెలుపు. కత్తియుద్ధం చివర్లో ఉన్నా, నిజంగా తగువు తెగింది మంగలి కత్తి దగ్గరే. ప్రేక్షకుడికి నియమం ముందే చెప్పి, దాని సంగతి చివరికి అట్టే పెట్టుకోవడంలో పింగళి వారికి సాటి లేరని నా అభిప్రాయం.

రెండో సూత్రం, పరికరం చేతికి తగిలినట్టుండటం. ఇక్కడ బోధన్ మిల్లు దగ్గరికి రావాలి. ఊళ్లో బెల్లం వండేటప్పుడు చెరుకు రసాన్ని పెద్ద పెనంలో, తెరిచిన పొయ్యి మీద మరిగిస్తారు. పాకం చుక్కను చల్లటి నీళ్లలో వేసి, వేళ్ల మధ్య ఉండ కట్టిందా లేదా అని చూస్తారు. మంట కాస్త ఎక్కువైతే పాకం మాడి నల్లబడుతుంది. పంచదారకు ఆ పద్ధతి పనికిరాదు. 1813లో ఎడ్వర్డ్ హోవర్డ్ అనే ఇంగ్లీషు రసాయనవేత్త మూత బిగించిన పాన్‌లోంచి గాలి తీసేసి వండటం కనిపెట్టాడు. గాలి ఒత్తిడి తగ్గితే పాకం 70 డిగ్రీల చుట్టుపక్కలే మరుగుతుంది, మాడదు. దానికి ముందు దశలో, రసాన్ని చిక్కబరిచే చోట ఇంకో తెలివి పని చేస్తుంది. ఒక పాత్రలో రసం మరిగితే వచ్చిన ఆవిరినే పక్క పాత్రను మరిగించడానికి పంపుతారు. రెండో దాని ఆవిరి మూడో దానికి. పాత్ర మారేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి, చల్లబడుతున్న ఆవిరి కూడా తర్వాతి దాన్ని మరిగించగలుగుతుంది. దీనికి 1843లోనూ 1846లోనూ పేటెంట్లు తీసుకున్నవాడు నార్బెర్ట్ రిలియూ. బానిసత్వం ఇంకా నడుస్తున్న న్యూ ఆర్లియన్స్‌లో పుట్టిన నల్లజాతి సంతతి ఇంజనీరు ఆయన. ప్రపంచంలో పంచదార ఎక్కడ తయారైనా ఆయన ఆలోచన అక్కడుంది.

ఆ పాన్ దగ్గర నిలబడే మనిషిని చూడాలి. పాన్ గోడకు ఒక సన్నటి ఇత్తడి కడ్డీ దూర్చి ఉంటుంది. దాన్ని తిప్పి లాగితే గుంటలో చెంచాడు పాకం బయటికి వస్తుంది, లోపలి ఒత్తిడి మాత్రం చెదరదు. ఆ పాకాన్ని గాజుపలక మీద పులిమి వెలుతురుకు పట్టి చూస్తాడు. గింజ కట్టిందా, గింజలన్నీ ఒక్క తీరుగా ఉన్నాయా, మధ్యలో పొడి లాంటి దొంగ గింజ పుట్టిందా అని చూపుతోనే తేలుస్తాడు. తర్వాత బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి, తీగ సాగిందో లేదో చూస్తాడు. గేజీలు ఎన్ని ఉన్నా చివరి మాట ఆ వేళ్లదే. కల్పిత యంత్రాన్ని రాసేవాళ్లు వదిలేసేది సరిగ్గా ఇలాంటి చోటునే. చక్రాలు తిరిగాయి, పొగ వచ్చింది, అంతటితో సరి అనుకుంటారు. యంత్రానికీ మనిషి చర్మానికీ మధ్య ఉండే ఆ ఇత్తడి కడ్డీ లేకపోతే మిగిలేది బొమ్మ.

జూల్ వెర్న్ ఈ కిటుకు తెలిసినవాడు. 1880లో వచ్చిన ఆయన నవల ద స్టీమ్ హౌస్ కథ మన దేశంలోనే, 1857 తిరుగుబాటు తర్వాతి రోజుల్లో జరుగుతుంది. ఉక్కుతో చేసిన ఏనుగు, దాని కడుపులో బాయిలర్, తొండంలోంచి పొగ, వెనకాల రెండు ఇళ్లంతటి బండ్లు. భూటాన్ రాజు కోరిక మీద ఒక ఇంజనీరు దాన్ని తయారు చేశాడని కథ. దానికి నీళ్లు ఎక్కడ పట్టాలి, కట్టెలు ఎవరు తేవాలి అని వెర్న్ పేజీలకు పేజీలు పట్టించుకుంటాడు. వెర్న్ కంటే ఎన్నో శతాబ్దాల ముందే భోజరాజు పేరిట వచ్చిన సమరాంగణ సూత్రధారంలో యంత్రాల అధ్యాయం ఉంది. కర్రతో చేసిన పక్షి, దాని లోపల కొలిమి, వేడెక్కే పాదరసం, దాని బలంతో ఆకాశయానం. పూర్తి తయారీ మాత్రం చెప్పలేదు. తెలియక కాదు, రహస్యంగా ఉంచడానికే అని గ్రంథమే అంటుంది. నిజంగా ఎగిరిందా అనే వాదం నాకు అక్కర్లేదు. ఆ దాచిపెట్టడంలోనే కథ ఉంది.

దాచిపెట్టడం అంటే అడయారు గుర్తుకు రాక తప్పదు. 1875లో న్యూయార్క్‌లో మొదలైన దివ్యజ్ఞాన సమాజాన్ని మేడమ్ బ్లావట్‌స్కీ, కర్నల్ ఆల్కాట్ 1882లో మద్రాసు అడయారుకు తెచ్చారు. అక్కడి మార్మిక గదిలో గోడకు ఒక చెక్క బీరువా. హిమాలయాల్లోని మహాత్ములు రాసిన ఉత్తరాలు అందులో ప్రత్యక్షమవుతాయని భక్తుల నమ్మకం. 1884లో అక్కడే పనిచేసిన కూలోంబ్ దంపతులు అదంతా బూటకమని, గోడకు రహస్య పలకలున్నాయని బయటపెట్టారు. బ్లావట్‌స్కీ రాసినవంటూ వాళ్లిచ్చిన ఉత్తరాలు మద్రాసు క్రిస్టియన్ కాలేజీ పత్రిక అచ్చేసింది. లండన్ నుంచి రిచర్డ్ హోడ్జ్‌సన్ విచారణకు వచ్చేసరికి బీరువా లేదు, కాల్చేశారు. 1885లో ఆయన నివేదిక బ్లావట్‌స్కీని మోసగత్తె అంది. దాదాపు నూరేళ్ల తర్వాత, 1986లో, ఆ నివేదికే సరిగా లేదని వెర్నన్ హారిసన్ అనే పరిశోధకుడు వాదించాడు.

ఈ గొడవ నడుమ ఉన్న తెలుగువాడు తల్లాప్రగడ సుబ్బారావు. 1856లో పుట్టారు, గోదావరి ప్రాంతం వారు, మద్రాసులో వకీలు. ద్వాదశ రాశుల అంతరార్థం మీద ఆయన వ్యాసం విదేశీ మార్మికులకు కూడా పాఠ్యమైంది. పగలు కోర్టులో సాక్ష్యాల బలాబలాలు తూచే మనిషి, సాయంత్రం గుప్తవిద్య గురించి మాట్లాడేవారు. కోర్టుకెక్కవద్దని బ్లావట్‌స్కీకి సలహా ఇచ్చినవారిలో ఆయనా ఉన్నారు. 1888లో సమాజం నుంచి తప్పుకున్నారు. 1890లో, ముప్పై నాలుగేళ్లు నిండకుండానే చనిపోయారు. నిజమైన విక్టోరియా కాలపు మార్మిక కుట్ర కావాలంటే లండన్ దాకా వెళ్లక్కర్లేదు. ఇంత నమ్మకమూ ఇంత అనుమానమూ ఒకే మనిషిలో ఉన్న పాత్ర ఏ నవలకైనా వరం.

మాంత్రికుల ఎత్తులూ పైఎత్తులూ పిల్లల దాకా తెచ్చినవారు దాసరి సుబ్రహ్మణ్యం. 1954లో చందమామలో మొదలైన ఆయన సీరియల్ తోకచుక్కలో ఏకాక్షి, చతుర్నేత్రుడు ఒక మహిమగల త్రిశూలం కోసం పోటీపడతారు. ఒకరికి కాలభుజంగం, కంకాళం. ఇంకొకరికి నరవానరం, గుడ్లగూబ. మధ్యలో సమరసేనుడనే మామూలు సేనాని. అతనికి మంత్రం రాదు. ఇద్దరికీ అతనితో అవసరం ఉంది, అదే అతని బలం. చిత్రా గీసిన బొమ్మల్లో ఆ శిథిలాలు, ఆ ముఖాలు అప్పటి పిల్లల కళ్లలో స్థిరపడిపోయాయి.

సినిమాలో ఈ మాయ చేసిన మర కెమెరానే. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ 1957లో మాయాబజార్‌లో లడ్డూల్ని ఘటోత్కచుడి నోట్లోకి ఎగరేసి పంపింది కంప్యూటర్‌తో కాదు. ఫ్రేమ్ ఆపడం, జరపడం, మళ్లీ తీయడం, దానికి తగ్గ ఓపిక, అంతే. ఆ సినిమాలో ప్రియదర్శిని పేటిక ఎవరికి ఏది ప్రియమో అది చూపిస్తుంది. సత్యపీఠం ఎక్కినవాడు నిజం చెప్పి తీరాలి. కథ చివర్లో శకుని దాని మీద కాలు పెడతాడు. వింత పరికరాన్ని నవ్వులాటగా పరిచయం చేసి, తీర్పు చెప్పే పనికి వాడుకోవడం ఎంత గొప్ప పనితనం! దర్శకుడు విఠలాచార్యది ఇంకో దారి. తక్కువ డబ్బుతో, ఇంట్లో ఉండే వస్తువులతోనే భయపెట్టాడు. 1978లో వచ్చిన జగన్మోహినిలో దయ్యం కట్టెలకు బదులు తన కాళ్లే పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. ఇంధనం ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు అంత సూటి జవాబు నేను ఇంకెక్కడా చూడలేదు.

ఈ కథలకున్న విలువ నా దృష్టిలో ఆ ప్రశ్నలోనే ఉంది. మహిమ ఎవరి చేతిలో ఉంది, అది నడవడానికి ఎవరు కాలుతున్నారు? బోధన్‌లో ఇది ఊహ కాదు. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించాక మిల్లు నిలిచిపోయింది. చెరుకు వేసిన రైతులూ, లోపల పనిచేసినవాళ్లూ పాతాళ భైరవి బొమ్మ చేయి మారడం అంటే ఏమిటో తెలిసినవాళ్లు. కోటగిరి కుర్రాడో అమ్మాయో ఆవిరి యుగపు కథ రాయాలనుకుంటే, థేమ్స్ మీది పొగమంచు బదులు మంజీర కాలువ మీది పొగమంచుతో మొదలుపెట్టవచ్చు. పాన్ల దగ్గరా బాయిలర్ల దగ్గరా పనిచేసినవాళ్లు బోధన్ చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. దొంగ గింజ పుడితే ఏం చేసేవారో, పిప్పి తడిస్తే బాయిలర్ మంట ఎలా నిలిపేవారో, రాత్రి షిఫ్టులో ఏ శబ్దం వింటే గుండె ఝల్లుమనేదో వాళ్లను అడిగి రాసుకోవాలి. మాంత్రికుణ్ణి ఆ తర్వాత రప్పించవచ్చు.