విల్లీ నెల్సన్ కచేరీ: ఒక పునర్విమర్శ

అమెరికా కంట్రీ పాటను గురించి నేను చాలా ఏళ్ళపాటు తరగతిలో ఒకే మాట చెబుతూ వచ్చాను. పల్లె బతుకును తాగుడుగా, ప్రేమవైఫల్యంగా కుదించి, రికార్డు కంపెనీలు తిరిగి శ్రామికుడికే అమ్మే సరుకు అది అన్నాను. విద్యార్థులు రాసుకున్నారు, పరీక్షల్లో నా మాటలే నాకు అప్పజెప్పారు. 2023 జులై 4న టెక్సాస్ రాష్ట్రంలోని ఆస్టిన్ నగరంలో విల్లీ నెల్సన్ పాట విన్న తరువాత, నేను చెప్పినది సగమే నిజమని ఒప్పుకోవలసి వచ్చింది.

అమెరికా స్వాతంత్ర్య దినాన జరిగే ఈ పాటల జాతరను నెల్సన్ 1973లో ప్రారంభించాడు. నేను వెళ్ళేనాటికి జాతరకు 50 ఏళ్ళు, ఆయనకు 90. ఫుట్‌బాల్ మైదానం నిండా జనం. ఆయన కుర్చీలో కూర్చునే పాడాడు. ఒళ్ళో 1969 నుంచి వాయిస్తున్న గిటారు. గోకి గోకి దాని చెక్కకు పెద్ద చిల్లు పడింది. కొడవలి పిడి అరిగినట్టు అరిగిన పనిముట్టు అది.

గొంతు సన్నబడింది. అయినా నన్ను పట్టుకున్నది ఆ పాట నడక. వాద్యాలు తాళం తప్పకుండా సాగుతుంటే ఆయన మాట ఒకచోట వెనకబడుతుంది, మరొకచోట ముందే వచ్చి నిలబడుతుంది. వయసు ప్రభావం అనుకున్నాను. కాని పడుచుతనపు రికార్డుల్లోనూ ఇదే నడక. అరుగు మీద కూర్చుని తన కష్టం చెప్పుకునే మనిషి మాటలు తాళానికి లొంగవు. ఇక్కడ రూపం అలంకారం కాదు, అదే వస్తువు.

ఈ నడక ఎక్కడిది? నెల్సన్ 1933లో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, టెక్సాస్‌లోని ఆబట్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. పెంచిన తాత కమ్మరి. పిల్లవాడుగా పత్తి ఏరాడు. పక్క సాళ్ళలో నల్లవారు, మెక్సికో కూలీలు పాడుకునే పాటలు విన్నాడు. మార్కెట్టు తెల్లవారి సంగీతమని ముద్రవేసి అమ్మిన పాటలో ఆ గొంతులన్నీ కలిసి ఉన్నవి. ముద్రను చూసి తీర్పు చెప్పిన నేను ఆ గొంతులను వినలేదు.

మొదటి సగం నిజమూ చెప్పాలి. బతుకు గడవక ఆయన ఒక పాటను 50 డాలర్లకు, మరొకదానిని 150 డాలర్లకు అమ్ముకున్నాడు. శ్రమఫలం శ్రామికుడికి పరాయిదైపోవటమంటే ఏమిటో చెప్పటానికి ఇంతకంటే సూటి ఉదాహరణ నాకు దొరకలేదు. నాష్‌విల్ కంపెనీ ఆయన గొంతుకు వయొలిన్ల మేళం తొడిగింది. 1975లో సొంత పద్ధతిలో, కొద్దిపాటి వాద్యాలతో చేసిన ‘రెడ్ హెడెడ్ స్ట్రేంజర్’ విజయం పొందింది. మరుసటి ఏడాదే మరో కంపెనీ ఆయన పాటలనూ, ఆయనవంటి మరికొందరి పాటలనూ చేర్చి, ‘చట్టవిరోధులు’ అని పేరుపెట్టి పది లక్షల ప్రతులకు పైగా అమ్మింది. పెట్టుబడి తిరుగుబాటును అణచటమే కాదు, దానికి ధరచీటీ కూడా అంటించగలదు.

ఆ పాటలకు పరిమితి కూడా ఉన్నది. ఎప్పటిలాగే ఆ రాత్రి మొదటి పాట జానీ బుష్ రాసిన ‘విస్కీ రివర్’. వేలమంది సంతోషంగా గొంతు కలిపారు. దుఃఖం ఉన్నది, దానిని ముంచటానికి మందు ఉన్నది. దుఃఖానికి కారణం మాత్రం ఎక్కడా లేదు. భూమి వేలం వేసే బ్యాంకు ఈ పాటల్లోకి అరుదుగా వస్తుంది.

అయితే పాట చెప్పనిది గాయకుడు చేశాడు. 1980 తరువాత వడ్డీలు పెరిగి, భూమి ధరలు పడిపోయి అమెరికా చిన్నరైతుల పొలాలు వేలానికి వచ్చాయి. 1985 సెప్టెంబరు 22న ఇలినాయ్ రాష్ట్రంలోని షాంపేన్‌లో నెల్సన్, నీల్ యంగ్, జాన్ మెల్లెన్‌క్యాంప్ కలిసి ‘ఫార్మ్ ఎయిడ్’ కచేరీ జరిపారు. రైతులను వెంటబెట్టుకుని అమెరికా కాంగ్రెసు ముందుకు వెళ్ళారు. 1987లో వ్యవసాయ రుణాల చట్టం వచ్చింది. ఆ చట్టాన్ని పాట తెచ్చిందంటే అది భావుకత. రైతుల ఆందోళన తెచ్చింది. కాని ఆ ఆందోళనకు పాట జనాన్ని, డబ్బును, చెవి ఒగ్గే దేశాన్ని సమకూర్చింది. ఇది చిన్న పని కాదు. ఇది విప్లవమూ కాదు. రెండు మాటలనూ కలిపి చెప్పగలిగినప్పుడే మన విమర్శకు విలువ.

తిరిగి వచ్చాక పాత నోట్సు కొట్టివేయలేదు. ‘ఈ పాటను ఎవరు అమ్ముతున్నారు?’ అన్న ప్రశ్న అలాగే ఉన్నది. దాని కింద మరో రెండు రాయించాను: ఇది ఎవరి శ్రమ నుంచి పుట్టింది? ఆ శ్రామికుడికి మళ్ళీ ఏ పనికి వచ్చింది? వెనుక బెంచీ విద్యార్థి ఒకడు, ‘మరి మొన్నటిదాకా మీరు చెప్పింది తప్పా, మాస్టారూ?’ అని అడిగాడు. వినకుండా చెప్పాను, అది తప్పు అన్నాను.