తొలి ఈత

గంగమ్మా, దిగే ముందు నిన్ను దోసిట పట్టి కళ్ళకద్దుకుని నెత్తిన చల్లుకోమన్నాను. చల్లుకుంది. చల్లుకుని, నీ వంక ఒక్కసారి చూసి, నా కాలు వాటేసుకుంది. దానికి ఆరేళ్ళు. నీకు ఎన్నేళ్ళో ఆ మబ్బులకే తెలియాలి.

గట్టున వైశాఖం ఎండ నిప్పులు చెరుగుతోంది. ఈ దిగుడుబావిలో మాత్రం వెలుగు వెన్నలా కరిగి నీ మీద పరుచుకుంది. రాళ్ళ సందుల్లో పావురాల కువకువ, తుమ్మకొమ్మ చివర గిజిగాడి గూళ్ళ ఊయల, గోడ పగులులో రావి మొక్క తొంగిచూపు, అన్నీ నీలో తలకిందులుగా వేలాడుతున్నాయి. పైన జానెడు గోరువెచ్చన, ఆ కింద మూరెడు చల్లన, ఇంకా కింద కాలికి మాత్రమే తెలిసే చలి. పైకి ఒడివి, లోపల గుహవి. నిన్ను చూసి పిల్ల భయపడిందంటే భయపడదూ!

ఈత! మా భాషలో ఎంత చల్లని మాట! ఆవు ఈనినా ఈతే, నీళ్ళలో తేలినా ఈతే. రెండింటి వేర్లూ వేరని పండితులు అంటారేమో, అననీ. అమ్మ కడుపులో ఉమ్మనీటిలో తొమ్మిది నెలలు తేలిన పిల్ల, ఇవాళ నీ కడుపులోంచి మళ్ళీ పుట్టాలి. అందుకే నడుముకు చేంతాడు కట్టాను, బొడ్డుతాడులా. వీపున ఎండిన సొరబుర్ర కట్టాను, మా తాత నాకు కట్టినట్టే. డబ్బాలూ ట్యూబులూ వచ్చాక సొరబుర్రను పట్టించుకునేవాళ్ళు లేరు గానీ, నాకు దాని మీదే గురి.

ముందు మూతి. నీటికి ఆనించి ఊదమన్నాను. బుడబుడ, బుడబుడ! నీ చెంప మీద ముత్యాలు పొంగాయి, పగిలాయి. పిల్ల కిలకిలా నవ్వింది. తర్వాత చెవులు. చెవులు మునగగానే పావురాలు ఆగిపోయాయి, గాలి ఆగిపోయింది, తన గుండె చప్పుడు తనకే వినిపించి కళ్ళు ఇంతింత చేసుకుంది. తర్వాత వెల్లకిలా. వీపు కింద నా అరచెయ్యి.

"వదలకు మామా!"

"వదల్లేదు బంగారూ."

గుండెల నిండా గాలి పీల్చింది, తేలింది. అరిచింది, గాలంతా పోయింది, మునిగింది. ముక్కులోకి నీళ్ళు పోయి ఏడ్చింది, తిట్టింది, నా మెడ పట్టుకు వేలాడింది. ఈత కొట్టడం అంటాం గానీ తల్లీ, నిన్ను కొట్టినంతసేపూ ఈత రాదు. చేతులతో కొట్టింది, కాళ్ళతో తన్నింది; నువ్వు పక్కకు తప్పుకున్నావు. కొట్టీ తన్నీ అలిసి ఒళ్ళు వదిలేసింది. అప్పుడు ఎత్తుకున్నావు.

కోనసీమ పిల్లలకు నువ్వు కాలువవు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట లేచిన నాటి నుంచీ వాళ్ళ పెరటి ముందు పారే పాటవు. భీమిలి పిల్లలకు ఉప్పుటలవు. పట్నం పిల్లలకు నీలిపలకల మీద క్లోరిన్ వాసనవు. మా పిల్లకు ఈ బావివి.

నీ మీద కోపం లేదనను. ఏటా సెలవుల్లో పేపరు మూలన ఆ వార్త ఉంటుంది, గట్టున విడిచిన చిన్న చెప్పుల జతలు ఉంటాయి. నీట మునిగి పోయే ప్రాణాలను కాపాడుకోవాలని 2021లో ఐక్యరాజ్య సమితి జూలై 25ను ఒక రోజుగా పెట్టింది. ఆనాటికి మా వాగులు ఎర్రగా పొంగుతుంటాయి, అప్పుడు నువ్వు ఎవరి మాటా వినవు. అందుకే ఇప్పుడు, నువ్వు నిలకడగా ఉన్నప్పుడే తీసుకొచ్చాను. ఇదిగో, నా మేనకోడలు. ముఖం గుర్తుపెట్టుకో.

వేళ్ళ కొసలు నాని ముడతలు పడ్డాయి, పెదాలు నేరేడుపండ్లయ్యాయి. అయినా గట్టెక్కదు. ఆకాశం కేసి చూస్తూ, జుట్టు నాచులా విప్పారి, నీ మీద ఆకులా పడుకుంది.

"పట్టుకున్నావా మామా?"

"పట్టుకున్నానమ్మా."

నా రెండు చేతులూ నీళ్ళలో, దానికి జానెడు కింద, ఖాళీగా ఉన్నాయి.