పేరు ఒకటే, సరుకు వేరు

పరిమితమైన సొమ్ముతో గేమింగ్ కంప్యూటరును విడిభాగాలుగా కొని అసెంబుల్ చేయించుకోదలచినవారు సాధారణంగా ప్రాసెసర్‌తో లెక్క మొదలుపెడతారు గానీ, ఆ లెక్క మొదలు కావలసింది ఆట కనబడే తెర దగ్గర. తెర మీది బొమ్మ సన్నని చుక్కల కూర్పు. ఆ చుక్కలను పిక్సెళ్లు అంటారు. అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్లుండే ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో వాటి మొత్తం సుమారు 20.7 లక్షలు, అడ్డంగా 2560, నిలువుగా 1440 ఉండే మానిటర్‌లో సుమారు 36.9 లక్షలు, 4కె మానిటర్‌లో సుమారు 83 లక్షలు. ఆటలో క్షణక్షణానికీ మారే ఒక్కొక్క బొమ్మను ఫ్రేమ్ అంటారు. సెకనుకు 60 ఫ్రేములు చూపే మానిటర్ ముందు ఒక్కో ఫ్రేమును సిద్ధం చేయడానికి గ్రాఫిక్స్ కార్డుకు దొరికే వ్యవధి 16.7 మిల్లీసెకన్లు కాగా, 144 చూపే మానిటర్ ముందు నిండా 7 మిల్లీసెకన్లు కూడా దొరకదు. మానిటర్ సంగతి చివర మిగిలిన డబ్బుతో చూసుకుందామని వదిలేసినవారు, మిగతా భాగాలన్నిటినీ ఏ అవసరానికి కొంటున్నారో తేల్చుకోకుండానే కొంటున్నట్టు లెక్క. మధ్యతరగతి కుటుంబం ఒక్కసారిగా పెట్టగలిగే మొత్తానికి ఫుల్ హెచ్‌డీ తెరే సరైన హద్దు. దాన్ని దాటాలన్న ఆశ మిగతా భాగాలన్నిటి నాణ్యతనూ తినేస్తుంది.

తెర తరువాత తేల్చుకోవలసింది ఆట. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 వంటి పోటీ ఆటల్లో బొమ్మ సరళంగా ఉంటుంది, ఆడేవారికి మాత్రం సెకనుకు వందల ఫ్రేములు కావాలి. ఏ ఫ్రేములో ఏది ఎక్కడ ఉండాలో నిర్ణయించి గ్రాఫిక్స్ కార్డుకు పురమాయించే పని ప్రాసెసర్‌ది కాబట్టి అక్కడ భారం దాని మీదే ఎక్కువ పడుతుంది. 2020లో వచ్చిన సైబర్‌పంక్ 2077 వంటి ఆటల్లో వెలుగునీడలు, ప్రతిబింబాలు దట్టంగా ఉండి భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీదికి పోతుంది. ఒక భాగం మరొకదాని కోసం ఎదురుచూస్తూ ఖాళీగా ఉండిపోయే ఈ స్థితినే బాటిల్‌నెక్ అంటారు. ఇది ఏ జతలోనూ పూర్తిగా పోదు, ఆటను బట్టి ఒకచోటి నుంచి మరొకచోటికి జరుగుతుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్ వంటి కంప్యూటర్ అంగళ్లలో, ఎంతలో కావాలి అని అడిగే ముందు ఏ ఆటలు ఆడతారు, మానిటర్ ఏది అని అడిగి అప్పుడు కొటేషన్ రాసే దుకాణదారు దొరకడం కొనేవారి అదృష్టం.

మొత్తం ఖర్చులో, మానిటర్‌ను పక్కన పెడితే, మూడో వంతు నుంచి సగానికి కొంచెం తక్కువ దాకా గ్రాఫిక్స్ కార్డుకే పోతుంది, పోవాలి కూడా. అందుచేత మోసపోవడానికి అవకాశం ఎక్కువ ఉన్నదీ అక్కడే. ఇందులో తయారీదారులు చట్టవిరుద్ధంగా చేసేదేమీ లేదు, పేర్లు పెట్టే పద్ధతే కొనేవారిని తప్పుదారి పట్టిస్తుంది. ఎన్విడియా 2017లో తెచ్చిన జీటీ 1030 కార్డులో జీడీడీఆర్5 అనే వేగవంతమైన మెమరీ ఉండేది, దాని నుంచి సెకనుకు 48 జీబీ సమాచారం ప్రవహించేది. మరుసటి ఏడు అదే పేరుతో సాధారణ డీడీఆర్4 మెమరీ పెట్టిన మరో కార్డు వచ్చింది, దానిలో ఆ ప్రవాహం సుమారు 17 జీబీకి పడిపోయింది. 2022లో 8 జీబీ మెమరీతో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050కీ, 2024లో 6 జీబీతో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050కీ మధ్య తేడా ఆ 2 జీబీ మాత్రమే అనుకోవడం సహజం. నిజానికి లెక్కలు చేసే కోర్ల సంఖ్య 2560 నుంచి 2304కు తగ్గింది, మెమరీకి వెళ్లే దారి 128 బిట్ల నుంచి 96 బిట్లకు కుదించుకుపోయింది. రెండో దానికి ఒక సుగుణం లేకపోలేదు: 70 వాట్లతోనే పనిచేస్తుంది కాబట్టి విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు, పాత ఆఫీసు కంప్యూటరులో అమర్చుకోదలచినవారికి అది మంచి కార్డే. ఏది ఏమిటో తెలిసి కొన్నప్పుడే ఆ మంచితనం అక్కరకు వస్తుంది.

ఏఎండీ 2022 జనవరిలో విడుదల చేసిన ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ ఇంకా నిశితంగా చూడదగిన ఉదాహరణ. మదర్‌బోర్డుకూ గ్రాఫిక్స్ కార్డుకూ మధ్య సమాచారం నడిచే దారిని పీసీఐ ఎక్స్‌ప్రెస్ అంటారు. ఆ దారిలోని వరుసలను లేన్లు అంటారు. పెద్ద కార్డులకు 16 లేన్లు, ఆర్ఎక్స్ 6600 వంటి వాటికి 8 ఉండగా, 6500 ఎక్స్‌టీకి ఉన్నవి 4 మాత్రమే. నాలుగో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఉన్న మదర్‌బోర్డు మీద ఆ 4 లేన్లలో సెకనుకు సుమారు 8 జీబీ నడుస్తుంది, మూడో తరం బోర్డు మీద అది సరిగ్గా సగమై 4 జీబీ అవుతుంది. కార్డులో ఉన్న మెమరీ 4 జీబీ మాత్రమే కావడం వలన కొత్త ఆటల్లో అది త్వరగా నిండిపోయి, పట్టని భాగం కంప్యూటరు ర్యామ్‌లోకి పోతుంది; కార్డు సొంత మెమరీ నుంచి సెకనుకు 144 జీబీ వేగంతో అందుతున్న సమాచారం, ఒక్కసారిగా 4 జీబీల దారి గుండా రావలసి వచ్చేసరికి ఆట కుదుపులతో నడుస్తుంది. చవక కార్డు కొనేవారిలో చాలామంది చేతిలో ఉండేవి పాత మూడో తరం బోర్డులే కనుక, ఆ కార్డు ఎవరి జేబును ఉద్దేశించి తయారైందో వారికే అది ఎక్కువ నష్టం చేసింది. ఆటల కోసం కొత్తగా అసెంబుల్ చేయించే కంప్యూటరుకు 8 జీబీకి తక్కువ మెమరీ ఉన్న కార్డును కొనవద్దని నేడు నిస్సంకోచంగా చెప్పవచ్చు. 2021లో వచ్చిన ఆర్ఎక్స్ 6600 నేటికీ ఫుల్ హెచ్‌డీలో ఆదరణ పోగొట్టుకోకపోవడానికి కారణం 8 జీబీ మెమరీ, 132 వాట్ల మితమైన వాడకం.

ప్రాసెసర్ విషయంలో ఇంత దీర్ఘంగా ఆలోచించనక్కరలేదు; ఆరు కోర్లు ఉన్నది తక్కువ ఖర్చు కంప్యూటరుకు చాలు. అక్కడ కూడా పేర్ల మీద ఒక కన్నుండాలి: 2022 ఏప్రిల్‌లో జంటగా వచ్చిన ఏఎండీ రైజెన్ 5 5500, 5600 రెండింటికీ ఆరేసి కోర్లే ఉన్నా, తరచు వాడే సమాచారాన్ని ప్రాసెసర్ తన దగ్గరే ఉంచుకునే కాష్ మెమరీ మొదటిదానిలో 16 ఎంబీ, రెండోదానిలో 32 ఎంబీ; పైగా మొదటిది మూడో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ దగ్గరే ఆగిపోతుంది. ఇంటెల్ ప్రాసెసర్ల పేరు చివర ఎఫ్ అనే అక్షరం ఉంటే అందులో బొమ్మ చూపే సొంత ఏర్పాటు లేదని అర్థం. గ్రాఫిక్స్ కార్డు తరువాత నెలలో కొనుక్కుందాం అనుకునేవారు 12400ఎఫ్ తీసుకుంటే ఆ నెలంతా తెర నల్లగానే ఉంటుంది.

ర్యామ్ దగ్గర పైసా ఖర్చు లేకుండా దొరికే లాభం ఒకటుంది. 3200 వేగపు డీడీఆర్4 స్టిక్కు ఒక్కటే పెడితే సెకనుకు 25.6 జీబీ సమాచారం అందుతుంది, 16 జీబీది ఒక్కటి కాక 8 జీబీవి రెండు కొని సరైన స్లాట్లలో పెడితే అదే 51.2 జీబీ అవుతుంది. దీన్ని డ్యుయల్ చానల్ అంటారు. తరువాత పెంచుకోవచ్చునని ఒక్క స్టిక్కుతో సరిపెట్టే అలవాటు అంగళ్లలో బలంగా ఉంది. చాలా స్టిక్కులు బయాస్ అనే ప్రారంభ అమరికల్లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ అనే అమరికను ఆన్ చేసేదాకా పెట్టె మీద రాసిన వేగంతో నడవవు. కొన్న వేగం వాడకుండానే ఏళ్లు గడిచిపోయే కంప్యూటర్లు ఎన్నో. కృత్రిమ మేధ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివర ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగి, మైక్రాన్ సంస్థ ఆ డిసెంబరులో క్రూషియల్ పేరుతో సామాన్యులకు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించిన తరువాత, పాత కంప్యూటరులోని మంచి డీడీఆర్4 స్టిక్కులను పారేయకుండా వాటికి సరిపోయే ఏఎండీ ఏఎం4 రకం బోర్డును ఎంచుకోవడం బుద్ధిమంతుల పని. కొత్త ఏఎం5 బోర్డు మీద డీడీఆర్5 తప్ప పనిచేయదు.

ఇంతవరకు చెప్పిన వాటిలో తప్పు ఎంపిక జరిగితే ఆట కాస్త నెమ్మదిస్తుంది, అంతే. ఎస్‌ఎంపీఎస్ ఎంపికలో తప్పు జరిగితే మిగతా భాగాలన్నీ ప్రమాదంలో పడతాయి. ఇంట్లోని 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చి భాగాలకు అందించే పెట్టె ఇది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తీసుకునేది ప్రధానంగా 12 వోల్టుల లైను నుంచే కాబట్టి చూడవలసింది ఆ లైను బలం. పెట్టె మీద పెద్ద అక్షరాలతో 450 వాట్లని ఉన్నా, పక్కన అంటించిన పట్టికలో 12 వోల్టుల దగ్గర 16 ఆంపియర్లే రాసి ఉంటే, రెండింటినీ గుణించగా వచ్చే 192 వాట్లే ఆట సమయంలో దాని అసలు శక్తి. మంచి 450 వాట్ల పెట్టె మీద అక్కడ 36, 37 ఆంపియర్లు కనబడతాయి. 2004లో మొదలైన 80 ప్లస్ ముద్ర చూసి తృప్తిపడేవారూ ఉన్నారు. గోడ నుంచి తీసుకున్న కరెంటులో కనీసం 80 శాతం భాగాలకు చేరుతుందని, అంటే 300 వాట్లు అందించడానికి 375 వాట్లకు మించి లాగదని మాత్రమే ఆ ముద్ర హామీ ఇస్తుంది. వోల్టేజీ ఎగిసినప్పుడు, షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు తనంతట తాను ఆగిపోయే రక్షణ ఏర్పాట్ల గురించి అది ఏమీ చెప్పదు. క్యాబినెట్‌తో కలిపి ఇచ్చే పేరులేని ఎస్‌ఎంపీఎస్‌తో ఆదా అయ్యే కొద్దిపాటి సొమ్ము కోసం, ఒక కుటుంబం నెలల తరబడి కూడబెట్టి కొన్న గ్రాఫిక్స్ కార్డును పణంగా పెట్టడం అన్యాయం. డబ్బు చాలకపోతే కార్డును ఒక మెట్టు దించాలి గానీ ఎస్‌ఎంపీఎస్‌ను దించకూడదు.

ఎస్‌ఎంపీఎస్ ఎంత మంచిదైనా ఇంటి వైరింగ్ సహకరించాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని చాలా పాత ఇళ్లలో మూడు రంధ్రాల ప్లగ్గు పైకి కనబడుతుంది గానీ దాని వెనక ఎర్తింగ్ వైరు ఉండదు. అలాంటి చోట క్యాబినెట్ ఇనుప అంచు తాకితే వేలికి జిల్లుమంటుంది. దీన్ని కంప్యూటరు లోపమని దుకాణానికి మోసుకుపోతారు. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటును శుభ్రపరిచే రెండు చిన్న కెపాసిటర్లు క్యాబినెట్ లోహానికి కలిపి ఉంటాయి, వాటి గుండా కారే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోయే దారి లేక అక్కడే నిలుస్తుంది, మనిషి తాకినప్పుడు అతని గుండా పోతుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్తింగ్ సరిచేయించడం కూడా కంప్యూటరు ఖర్చులో భాగంగానే రాసుకోవాలి. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో దాని వెనకాల ఉండే స్విచ్‌ను యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి; కరెంటు పోయాక మంచి ఎస్‌ఎంపీఎస్ తనలో నిల్వ ఉన్న శక్తితో నెట్టుకొచ్చేది సుమారు 16 మిల్లీసెకన్లు మాత్రమే, ఇన్వర్టర్ ఆలోగా అందుకోకపోతే ఆట మధ్యలో కంప్యూటరు ఆగిపోతుంది.

ఎండ గురించి వేరే దేశాల సమీక్షలు చెప్పవు. చల్లబరిచే ఫ్యాన్ గది గాలినే వాడుకుంటుంది కాబట్టి గది వేడి ఎన్ని డిగ్రీలు పెరిగితే భాగాల వేడి కూడా సుమారుగా అన్ని డిగ్రీలు పెరుగుతుంది. 22 డిగ్రీల గదిలో 70 డిగ్రీల వద్ద నడిచిన కార్డు, రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం 38 డిగ్రీల గదిలో 86కు చేరుతుంది. ముందు భాగమంతా అద్దంతో మెరిసే క్యాబినెట్ గాలి లోపలికి పోయే దారిని మూసేస్తుంది. జల్లెడలాంటి ముందు తలుపు, గాలి పీల్చే ఫ్యాన్లు ముందు రెండు, వెనక వదిలేది ఒకటి ఉన్న సాదా క్యాబినెట్ ఈ ప్రాంతానికి తగినది. రంగు దీపాలకు పెట్టే డబ్బు ఈ ఫ్యాన్లకు పెట్టడం మేలు.

ఆటలను నిల్వ చేసుకునే ఎస్‌ఎస్‌డీ గురించి ఒక్క మాట చాలు. ఎం.2 అనేది దాని ఆకారం పేరు మాత్రమే; ఆ ఆకారంలో సెకనుకు 550 ఎంబీ దాటని సాటా రకమూ, మూడో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లోనే 3500 ఎంబీ దాకా పోయే ఎన్‌వీఎంఈ రకమూ దొరుకుతాయి.

సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డుల పట్ల ఉన్న భయం సగమే న్యాయమైనది. క్రిప్టో నాణేల కోసం కార్డులతో రేయింబవళ్లు లెక్కలు చేయించడాన్ని మైనింగ్ అంటారు. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం ఆ పద్ధతిని వదిలేయడంతో వాడిన కార్డులు పెద్దఎత్తున అంగళ్లకు వచ్చాయి. అలాంటి కార్డులో ముందుగా అరిగేవి ఫ్యాన్లు, వేడిని లాగే థర్మల్ ప్యాడ్లు, వాటిని మార్చుకోవచ్చు. అంతకంటే పెద్ద ప్రమాదం పాత చిప్‌కు లోపలి సాఫ్ట్‌వేర్ మార్చి కొత్త కార్డు పేరు తగిలించిన నకిలీ సరుకు. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 2018 నుంచి ఇలాంటి వాటిలో కొన్నిటిని పసిగట్టి నకిలీ అని చూపిస్తోంది కనుక, డబ్బు చేతులు మారకముందే దాన్ని నడిపించి, కోర్ల సంఖ్య, మెమరీ రకం చూసుకుని, ఆ తరువాత అరగంట బరువైన ఆట నడిపించి వేడినీ ఫ్యాన్ చప్పుడునూ గమనించాలి. అందుకు అమ్మేవారు ఒప్పుకోకపోతే ఆ బేరం వదులుకోవడమే క్షేమం. కొత్త కార్డయితే బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోవాలి. బిల్లు వద్దంటే 18 శాతం జీఎస్టీ తగ్గిస్తామన్న మాట చెవికి ఇంపుగా ఉంటుంది గానీ, సాధారణంగా మూడేళ్లుండే కార్డు వారంటీని సర్వీస్ సెంటర్‌లో అడగడానికి ఆ నంబరున్న బిల్లు తప్ప కొన్నవారి చేతిలో మరో ఆధారం ఉండదు.